ఇంట్లో కారు పనికి ఇంపాక్ట్ రెంచ్: పెట్టె మీది అంకె చూసి కొనొద్దు

కార్డ్‌లెస్ ఇంపాక్ట్ రెంచ్ (దెబ్బలు కొడుతూ నట్లు విప్పే బ్యాటరీ గన్ను) కొందామని చూస్తే ప్రతి పెట్టె మీదా ముందు కనబడేది టార్క్ అంకే, అంటే తిప్పే బలం. 300, 700, 1,000, 1,700 న్యూటన్ మీటర్లు అంటూ పోతుంది. అంకె ఎంత పెద్దదైతే సరుకు అంత మంచిదనిపిస్తుంది. సొంత కారుకు ఇంటి దగ్గరే చక్రాలు, బ్రేకులు, సస్పెన్షన్ పని చూసుకునేవాళ్లకు ఆ లెక్క సరిపడదు. పెద్ద గన్ను బరువు, పొడవు రెండూ చక్రం వెనక ఇరుకులో అడ్డం పడతాయి. దాని బలంలో సగం ఎప్పటికీ వాడం. అలాగని మరీ చిన్నది కొంటే, తుప్పు పట్టిన ఒక్క నట్టు దగ్గర పనంతా ఆగిపోతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఎక్కువమందికి సరిపోయేది 18 వోల్టుల, అర అంగుళం డ్రైవ్ (నట్టుకు తొడిగే సాకెట్‌ను తగిలించే చదరపు ముక్క) ఉన్న మధ్యరకం గన్ను. అది అక్కర్లేనివాళ్లూ, అది చాలనివాళ్లూ కూడా ఉన్నారు. వాళ్ల సంగతికీ వస్తాను.

మీ కారు నట్లకు ఎంత బలం కావాలి

చిన్న, మధ్యతరహా కార్లలో చక్రం నట్లను సాధారణంగా 90 నుంచి 140 న్యూటన్ మీటర్ల దాకా బిగిస్తారు. బరువైన ఎస్‌యూవీలు, పికప్‌లలో ఇది 150 దాటుతుంది. బ్రేక్ కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగం) బ్రాకెట్ బోల్టులు, షాక్ అబ్జార్బర్ కింది బోల్టులు చాలావరకు 80 నుంచి 150 లోపే. వీటికంటే గట్టివి రెండున్నాయి. చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ చివర ఉండే హబ్ నట్టు ఒకటి, ఇంజిన్ బెల్టును తిప్పే క్రాంక్ పుల్లీ బోల్టు రెండోది. ఇవి 200 నుంచి 300 దాకా, కొన్ని కార్లలో ఇంకా పైకి వెళ్తాయి. మీ కారుకు కచ్చితంగా ఎంతో దాని మాన్యువల్లోనో సర్వీస్ పుస్తకంలోనో ఉంటుంది. గన్ను బేరానికి వెళ్లేముందు ఆ నాలుగైదు అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి.

ఇవి బిగించే లెక్కలు. విప్పడానికి ఇంతకంటే ఎక్కువ బలం కావాలి. నాలుగేళ్లు వానకూ బురదకూ తడిసిన బోల్టు మరల్లో తుప్పు పట్టుకుని ఉంటుంది. టైర్ల షాపులో గాలి గన్నుతో ఇష్టం వచ్చినట్టు కొట్టి పంపిన చక్రం నట్టు కూడా అంతే మొండికేస్తుంది. బిగింపు అంకెకు రెండు రెట్లు, మొండివాటికి మూడు రెట్లు విప్పే బలం చేతిలో ఉంటే ఇంటి పనికి ఢోకా ఉండదు. చక్రం నట్లకు 300 సరిపోతుంది, హబ్ నట్టుకు 500 నుంచి 700 ఉంటే మేలు. వెయ్యి దాటిన గన్నులు లారీలకు, ట్రాక్టర్లకు, తుప్పుతో ఏకమైపోయిన పాత బండ్లకు.

ఒకే గన్నుకు రెండు టార్క్ అంకెలు ఎందుకు

కంపెనీలు రెండు రకాల టార్క్ చెబుతాయి: బిగించేటప్పుడు ఇవ్వగలిగిన గరిష్ఠ టార్క్ ఒకటి, బిగుసుకున్న నట్టును విడగొట్టే టార్క్ ఇంకొకటి. రెండోది ఎప్పుడూ పెద్దదే. మకీటా డీటీడబ్ల్యూ 700 బిగింపుకు 700, విప్పడానికి 1,000 అంటుంది. బాష్ జీడీఎస్ 18వీ-1050 హెచ్‌కు 1,050, 1,700. ఒక కంపెనీ మొదటి అంకెనూ ఇంకో కంపెనీ రెండో అంకెనూ పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక మొదట్లోనే తప్పుతుంది. అమెరికా లెక్కల్లో రాసినవి ఫుట్ పౌండ్లలో ఉంటాయి. వాటిని 1.356తో గుణిస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి. 250 ఫుట్ పౌండ్లంటే దాదాపు 340 న్యూటన్ మీటర్లన్నమాట.

పైగా ఆ అంకె నట్టు దాకా యథాతథంగా చేరదు. గన్ను లోపల మోటారు ఒక బరువైన ఇనుప సుత్తిని తిప్పుతుంది. నట్టు ఎదురు తిరగ్గానే ఆ సుత్తి స్ప్రింగును నొక్కుకుంటూ వెనక్కి జారి, మళ్లీ ముందుకొచ్చి సాకెట్ తగిలించే చదరపు ముక్క వెనక భాగాన్ని పక్కనుంచి కొడుతుంది. నిమిషానికి రెండు మూడు వేలసార్లు ఈ దెబ్బ పడుతుంది. వెయ్యి న్యూటన్ మీటర్ల గన్నును పట్టుకున్నా మణికట్టు మెలిపడకపోవడానికి కారణం ఇదే: బలమంతా క్షణంలో వందో వంతు కూడా లేని దెబ్బల్లో పోతుంది, చేతి మీద ఆనేది మోటారు తోపు మాత్రమే.

దెబ్బ అంత పొట్టిది కాబట్టే దారిలో ఏ కాస్త స్ప్రింగుతనం ఉన్నా దాన్ని మింగేస్తుంది. పరుపు మీద చెక్క పెట్టి మేకు దిగ్గొట్టబోతే ఏమవుతుందో ఇదీ అంతే. సన్నటి ఎక్స్‌టెన్షన్ రాడ్డు వేస్తే అది మెలితిరిగి వెనక్కి వస్తుంది. వంకరగా పట్టించడానికి వాడే కీలు, యూనివర్సల్ జాయింట్, ఇంకా ఎక్కువ తినేస్తుంది. 3/8 నుంచి అర అంగుళానికి మార్చే అడాప్టరు, వదులుగా ఊగే సాకెట్, ఒక్కొక్కటీ తమ వంతు తీసుకుంటాయి. అందుకే పెద్ద గన్నుకు పొడవాటి ఎక్స్‌టెన్షన్ తగిలించి కొట్టడం కంటే, పొట్టి గన్నును నేరుగా సాకెట్‌తో బోల్టు మీద పెట్టి కొడితే చాలాసార్లు ముందు కదులుతుంది. హోండా ఇంజిన్లలో మొండితనానికి పేరుమోసిన క్రాంక్ పుల్లీ బోల్టు కోసం ప్రత్యేకంగా లావాటి, బరువైన 19 మిల్లీమీటర్ల సాకెట్లు అమ్ముతారు. వాటి రహస్యం కూడా ఇదే సూత్రంలో ఉంది. సాకెట్‌కే బరువు ఎక్కువ కావడంతో అది మెలిపడకుండా దెబ్బను పోగుచేసి బోల్టుకు అందిస్తుంది.

మూడు సైజులు, మూడు పనులు

అన్నిటికంటే చిన్నవి 12 వోల్టుల, 3/8 అంగుళం డ్రైవ్ పొట్టి గన్నులు. మిల్వాకీ ఎమ్12 స్టబ్బీ ఈ కోవలో బాగా తెలిసింది. పొడవు పన్నెండు సెంటీమీటర్ల పైచిలుకే, టార్క్ 340 దరిదాపుల్లో. ఇంజిన్ గదిలో, కాలిపర్ వెనక, డ్యాష్‌బోర్డు కింద చెయ్యి మాత్రమే దూరే చోట దీనికి సాటి లేదు. కానీ ఈ తరగతిలో అందరిదీ 340 కాదు. చాలావాటికి 100 నుంచి 200 మధ్యే ఉంటుంది. అంత తక్కువైతే గట్టిగా బిగుసుకున్న చక్రం నట్టు దగ్గర టకటకమని మోగడమే తప్ప పని జరగదు. ఇది రెండో గన్నుగా అద్భుతం. మొదటిదిగా కొనమని చెప్పలేను.

మధ్యరకం 18 వోల్టుల, అర అంగుళం గన్నులు. మకీటా డీటీడబ్ల్యూ 300 బిగింపుకు 330, విప్పడానికి 580. పొడవు 15 సెంటీమీటర్ల లోపే. మిల్వాకీ ఎమ్18 మధ్యరకానికి 745, 880 ప్రాంతంలో. బ్యాటరీతో కలిపి ఇలాంటివి రెండు, రెండున్నర కిలోలు తూగుతాయి. బండి కింద పడుకుని చెయ్యి చాచి ఎత్తి పట్టుకోవడానికి నా లెక్కలో ఇదే పై హద్దు. చక్రాలు, బ్రేకులు, కింది ఆర్ములు, చాలా హబ్ నట్లు దీంతో వస్తాయి. రాకపోతే మరలకు పట్టు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేసి మర్నాడు ప్రయత్నించడం, లేదా పొడవాటి రాడ్డుతో మొదటి కదలిక తెప్పించడం ఎటూ ఉన్నాయి.

మూడోది పెద్ద గన్ను. మూడు, మూడున్నర కిలోలు, ఇరవై సెంటీమీటర్లకు పైబడిన పొడవు. పాత జీపులు, పికప్‌లు బాగుచేసేవాళ్లకు, తుప్పు ఎక్కువ పట్టే చోట ఉండేవాళ్లకు, వారంవారం హబ్ నట్లు విప్పేవాళ్లకు ఇది న్యాయమే. మిగతావాళ్ల చేతిలో ఇది ప్రమాదం కూడా. ట్రిగ్గరు ఒక్క సెకను ఎక్కువ నొక్కితే చక్రం స్టడ్డు (నట్టు ఎక్కే మరల కడ్డీ) తెగుతుంది, లేదా పైకి కనబడకుండా సాగి ఊరుకుంటుంది. రెండోదే ఎక్కువ చెడ్డది. 3/4 అంగుళం డ్రైవ్ వైపు ఇంటి కారు కోసం అసలు చూడొద్దు.

ఇంట్లో స్క్రూలు దిగగొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ ఉంటే దానికే అడాప్టర్ పెట్టి పని కానిద్దామనుకునేవాళ్లున్నారు. ఆ పావు అంగుళం షడ్భుజి కడ్డీ సన్నగా ఉండి మెలిపడుతుంది, ఎక్కువ కొడితే విరుగుతుంది. 10, 12 మిల్లీమీటర్ల తలలున్న చిన్న బోల్టులకు, అండర్ కవర్లకు బాగుంటుంది. చక్రాలకు వద్దు. బాష్ జీడీఎక్స్ 18వీ-200 లాంటివి స్క్రూ బిట్టు, అర అంగుళం సాకెట్ రెండూ పట్టే జోడు తల ఇస్తాయి కానీ 200 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగిపోతాయి. వడ్రంగం పని ఎక్కువ, కారు పని అప్పుడప్పుడు అనేవాళ్లకు సరే.

బ్యాటరీ దగ్గరే అసలు నిర్ణయం

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. 18 వోల్టులు, 20 వోల్టుల మ్యాక్స్ అనేవి రెండూ ఒకటే. లోపల ఐదు లిథియం సెల్స్ వరసగా ఉంటాయి. ఒక్కోటి 3.6 చొప్పున 18. అప్పుడే ఛార్జ్ చేసి తీస్తే 4.2 చొప్పున 21. దాన్నే కొందరు 20 మ్యాక్స్ అంటారు. 12 వోల్టుల రకంలో మూడు సెల్స్, అసలు లెక్క 10.8. మరి 88 వోల్టులు, 388 వోల్టులు అని ముద్రించిన చవక గన్నులు? మూత విప్పి చూస్తే అవే ఐదు సెల్స్ ఉంటాయి. ఆ అంకెకూ విద్యుత్తుకూ సంబంధం లేదు. అది స్టిక్కరు మీది అలంకారం. వోల్టుల విషయంలోనే అంత ధైర్యంగా రాసేవాళ్లు టార్క్ దగ్గర నిజం రాస్తారని ఆశించకండి.

ఆంపియర్ అవర్, అంటే ప్యాకులో పట్టే ఛార్జ్ కొలత, చాలామంది అనుకున్నట్టు పని ఎంతసేపు నడుస్తుందన్నది మాత్రమే తేల్చదు. 2 ఆంపియర్ అవర్ ప్యాకులో ఐదు సెల్స్ ఒకే వరస. 4 లేదా 5 ఉన్న మామూలు ప్యాకులో పది, రెండు వరసలు జంటగా. గన్ను ఒక్కసారిగా భారీ కరెంటు లాగినప్పుడు ఒక వరస మీదే భారం పడితే వోల్టేజ్ కిందికి జారుతుంది, సుత్తి వేగం తగ్గుతుంది, దెబ్బ మెత్తబడుతుంది. అదే గన్నుకు పెద్ద ప్యాకు తగిలిస్తే మొండి నట్టు కదలడం కళ్లారా చూడొచ్చు. గన్నుతో పాటు చిన్న ప్యాకు ఇచ్చి ధర తక్కువగా చూపించే సెట్లు ఉంటాయి. కంపెనీ చెప్పిన టార్క్ ఆ చిన్న ప్యాకుతో రాకపోవచ్చు.

మీ ఇంట్లో ఇప్పటికే ఏదైనా మంచి కంపెనీ 18 వోల్టుల డ్రిల్లు, దానికి 4 లేదా 5 ఆంపియర్ అవర్ ప్యాకు ఉంటే ఎంపిక సగం అయిపోయినట్టే. అదే కంపెనీ మధ్యరకం గన్ను, బ్యాటరీ లేకుండా ఒట్టిది తీసుకోండి. వేరే కంపెనీ గన్ను యాభై న్యూటన్ మీటర్లు ఎక్కువ ఇస్తుందని కొత్త ఛార్జరు, కొత్త ప్యాకులతో ఇంకో సంసారం మొదలుపెట్టడం దండగ. ఏమీ లేనివాళ్లు మాత్రం గన్ను కంటే ముందు కంపెనీని ఎంచుకోవాలి. రేపు డ్రిల్లు, గ్రైండరు, లైటు కొన్నా అదే ప్యాకు పట్టాలి, నాలుగేళ్ల తర్వాత కూడా ఆ ప్యాకు దొరకాలి.

మోటారు బ్రష్‌లెస్ (లోపల రాసుకునే కార్బన్ బ్రష్‌లు లేనిది) అయితేనే తీసుకోండి. బ్రష్ మోటార్లు ఇంకా చవక రకాల్లో వస్తున్నాయి. అదే బలానికి అవి ఎక్కువ పొడవు, ఎక్కువ వేడి, ఎక్కువ కరెంటు.

చూడ్డానికి చిన్నవి, వాడితే పెద్దవి

సాకెట్‌ను పట్టుకునే పద్ధతి రెండు రకాలు. చుట్టూ ఉంగరంలా స్ప్రింగు ఉంటే సాకెట్ చేత్తో లాగితే వస్తుంది. పిన్ను ఉంటే దాన్ని సూదితో నొక్కితే గానీ రాదు. ఎత్తులో పనిచేసేవాళ్లకు పిన్ను మంచిది. కారు దగ్గర పది నిమిషాలకోసారి సాకెట్ మార్చేవాళ్లకు ఉంగరమే హాయి.

వెనక్కి తిప్పేటప్పుడు నట్టు వదులవగానే తనంతట ఆగిపోయే సదుపాయం చాలా కొత్త గన్నుల్లో ఉంది. నట్టు ఎగిరి బండి కిందికి దొర్లిపోకుండా ఇది కాపాడుతుంది. లేకపోయినా బతకొచ్చు గానీ, ఉన్నదానికి అలవాటుపడ్డాక లేనిది విసుగు పుట్టిస్తుంది. వేగం మూడు మెట్లలో మార్చుకునే వీలు మాత్రం తప్పనిసరి అంటాను. తక్కువ మెట్టు లేని గన్ను చిన్న బోల్టుల మరలు తినేస్తుంది.

గన్ను పక్కన ఇంకా ఏం కొనాలి

బడ్జెట్ మొత్తం గన్ను మీదే పెట్టేస్తే పొరపాటు. మెరిసే క్రోమ్ సాకెట్లు చేత్తో తిప్పే పనికి చేసినవి. గట్టిదనం ఎక్కువ, దెబ్బ ఓర్చుకునే గుణం తక్కువ. ఇంపాక్ట్ కింద అవి పగిలి ముక్కలు కంటి దాకా ఎగరొచ్చు. నల్లటి, ఆరు పలకల ఇంపాక్ట్ సాకెట్లే కావాలి. పన్నెండు పలకలవి తుప్పు నట్టు మూలలు అరగదీస్తాయి. 17, 19, 21 మిల్లీమీటర్లు చాలా కార్ల చక్రాలకు సరిపోతాయి. అల్లాయ్ చక్రాలుంటే పల్చటి గోడ, పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నవి తీసుకోండి, లేకపోతే రంధ్రం అంచు గీసుకుపోతుంది. దొంగతనం జరక్కుండా వేసే లాక్ నట్టు తాళం మీద మాత్రం గన్ను పెట్టొద్దు. ఆ తాళం ముక్క విరిగితే చక్రం ఊడదీయడానికే ఒక రోజు పోతుంది.

రెండోది టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగించామో తెలిపే చేతి రెంచ్. ఇది లేకుండా ఇంపాక్ట్ రెంచ్ కొనకండి. గన్ను ఉన్నది విప్పడానికి. బిగింపులో దాని వంతు నట్టు ఆనేదాకానే. నట్టును మొదట చేత్తో రెండు మూడు చుట్లు ఎక్కించాలి. గన్నును తక్కువ మెట్టులో పెట్టి ఆనించాలి. బండిని దించి టార్క్ రెంచ్‌తో ఎదురెదురు నట్లు మార్చి మార్చి మాన్యువల్ చెప్పినంతకు తేవాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూడాలి. మరలకు నూనె రాయొద్దు. రాస్తే అదే టార్క్ దగ్గర స్టడ్డు మీద లాగుడు బాగా పెరిగిపోతుంది. గన్ను మీద ఉన్న మెట్లను టార్క్ కొలతగా నమ్మొద్దు, అవి వేగాన్ని తగ్గిస్తాయంతే. టార్క్ స్టిక్ అనే రంగురంగుల రాడ్లు కావాలనే మెలిపడేలా చేసి ఒక హద్దు దగ్గర దెబ్బను మింగేస్తాయి. అందాజాకు పనికొస్తాయి గానీ చివరి మాట టార్క్ రెంచ్‌దే.

స్పార్క్ ప్లగ్గులు 15 నుంచి 30, ఆయిల్ డ్రెయిన్ బోల్టు 25 నుంచి 40, కాలిపర్ జారుడు పిన్నులు 25 నుంచి 35 న్యూటన్ మీటర్లు. వీటిని బిగించేటప్పుడు గన్ను దగ్గరికి కూడా రానివ్వొద్దు. అల్యూమినియంలో కోసిన మరలు ఒక్క దెబ్బకు పోతాయి.

ఇంపాక్ట్ గన్ను చప్పుడు వంద డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. చెవులకు, కళ్లకు రక్షణ పెట్టుకోండి. బండి జాకీ మీద కాకుండా స్టాండ్ల మీద ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. కానీ గన్ను ఊపుకు జాకీ మీదున్న బండి కదులుతుంది కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

అసలు అక్కర్లేనివాళ్లు

ఏడాదికి రెండుసార్లు చక్రాలు మార్చడమే మీ పని అయితే గన్ను మానేయండి. 60 సెంటీమీటర్ల బ్రేకర్ బార్ (సాకెట్ తగిలించి చేత్తో తిప్పే పొడవాటి రాడ్డు) చివర 50 కిలోల బరువు వేస్తే దాదాపు 300 న్యూటన్ మీటర్లు వస్తుంది. ఛార్జింగ్ అక్కర్లేదు, డిక్కీలో పడుంటుంది. చిక్కల్లా చక్రం నేల మీద ఉండగానే పట్టు వదిలించాలి, చుట్టూ రాడ్డు తిప్పే చోటుండాలి. కాలిపర్, సస్పెన్షన్ పనుల్లో ఆ చోటు దొరకదు కాబట్టే గన్ను అవసరం మొదలవుతుంది.

కారు లైటర్ ప్లగ్గులో పెట్టే 12 వోల్టుల గన్నులు చూసి ఆశపడొద్దు. ఆ ప్లగ్గు నుంచి 15 ఆంపియర్లు వచ్చినా 180 వాట్లే. లోపలి బరువు ఊపందుకోవడానికి టైం పడుతుంది, దెబ్బ నెమ్మది, వైరు పొట్టి. గాలి గన్ను చవక, తేలిక, ఏళ్ల తరబడి మన్నుతుంది. కానీ దానికి కావలసినంత గాలిని ఆగకుండా ఇవ్వగల కంప్రెసరు ఇంట్లో ముందే ఉండాలి. టైర్లలో గాలి నింపే చిన్నది నాలుగు నట్లకే చతికిలబడుతుంది. కరెంటు వైరుతో నడిచే గన్ను బరువెక్కువ. అయినా గ్యారేజీ వదిలి బయటికి వెళ్లని పనికి, చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవాళ్లకు నిజాయితీగల ఎంపిక అదే. పేరు లేని 388 వోల్టుల బ్యాటరీ గన్ను కంటే నేను దాన్నే కొంటాను.

కొన్నాక వాపసు గడువు ముగియకముందే మీ కారు మీదే పరీక్ష పెట్టండి. నిండా ఛార్జ్ చేసిన పెద్ద ప్యాకు పెట్టి, ఎక్స్‌టెన్షన్ లేకుండా, చాలాకాలంగా కదలని చక్రం నట్లు నాలుగింటినీ విప్పండి. ఒక్కోటి రెండు మూడు సెకన్లలో వదలాలి. పది సెకన్లు కొట్టినా కదలకపోతే ముందు సాకెట్, ప్యాకు మార్చి చూడండి. తర్వాత కూడా అదే పరిస్థితి అయితే ఆ గన్నును పెట్టెలో పెట్టి వెనక్కి పంపేయండి.